గగనంలో గస్తీ

2010 మే 22. తెల్లారి ఆరు దాటింది. దుబాయ్ నుంచి 166 మందితో వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు కొండమీది రన్‌వే వైపు దిగుతోంది. ఉండాల్సిన ఎత్తుకన్నా బాగా పైన ఉంది. వేగమూ ఎక్కువే. పక్కసీట్లోని కో-పైలట్‌కి సంగతి అర్థమైంది. 'గో అరౌండ్' అన్నాడు. అంటే... దిగొద్దు, మళ్లీ పైకి లేపి ఓ చుట్టు తిరిగి వద్దాం అని. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు.

ఆ రన్‌వే పొడవు సుమారు ఎనిమిది వేల అడుగులు. చక్రాలు నేలను తాకింది 5,200 అడుగులు దాటాక. మిగిలిన కాస్త దూరంలో విమానం ఆగలేకపోయింది. చివర ఉన్న కాంక్రీటు కట్టడాన్ని రెక్కతో ఢీకొని లోయలోకి దూసుకుపోయింది. 158 మంది చనిపోయారు. బతికి బయటపడినవాళ్లు ఎనిమిది మంది.

పదేళ్లు గడిచాయి. 2020 ఆగస్టు 7. కరోనా రోజులు. 'వందే భారత్' విమానంలో 190 మంది దుబాయ్ నుంచి కోజికోడ్ వస్తున్నారు. రాత్రివేళ, పైన వాన. మొదటిసారి దిగబోయి వీలుకాక పైకి లేచారు. రెండోసారి రన్‌వే అవతలి కొస నుంచి వచ్చారు. ఈసారి గాలి వెనక నుంచి తోస్తోంది. 8,858 అడుగుల రన్‌వేలో సగం గాల్లోనే గడిచిపోయింది. చక్రాలు ఆనింది 4,438 అడుగుల దగ్గర. కో-పైలట్ నోట అదే మాట... 'గో అరౌండ్'. ఫలితమూ అదే. విమానం రన్‌వే దాటి కిందికి పడి ముక్కలైంది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు.

అదే సంస్థ. అదే బోయింగ్ 737-800. అదే దుబాయ్. అదే కొండమీది రన్‌వే. చివరికి అదే మాట, అదే పెడచెవి! ఒక ప్రమాదం జరిగితే విధి అనుకుంటాం. అచ్చుగుద్దినట్టు రెండోది జరిగితే మాత్రం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంటుంది. మధ్యలో ఉన్న పదేళ్లూ కాపలా కాయాల్సినవాళ్లు ఏం చేశారు?

ఎవరా కాపలాదారు?

మనం టికెట్టు కొనేటప్పుడు ధర చూస్తాం, టైము చూస్తాం. ఆ విమానం ఎగరడానికి తగినదేనా, ఆ పైలట్ నిన్న రాత్రి నిద్రపోయాడా అని ఎవరమూ అడగం. అడిగినా చెప్పేవాళ్లుండరు. మన తరఫున ఆ ప్రశ్నలు అడగడానికి ప్రభుత్వం పెట్టిన కార్యాలయం డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్... పొట్టిగా డీజీసీఏ. దిల్లీలో పాత సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం ఎదురుగా ఉంటుంది.

విమానాల సంస్థ పెట్టాలంటే అది ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. పైలట్‌కి లైసెన్సు అక్కడే. ఇంజినీరుకీ అక్కడే. విమానాశ్రయానికీ అక్కడే. ఇచ్చి ఊరుకోవడం కాదు, ఏటా తనిఖీల పట్టిక వేసుకుని తిరగాలి. మధ్యమధ్యలో చెప్పాపెట్టకుండా వెళ్లి చూడాలి. దొరికిన లోపాలను రెండు రకాలుగా విడదీస్తారు. మొదటి రకమైతే అక్కడికక్కడే ఆపి సరిచేయాలి. రెండో రకానికి గడువిస్తారు.

పైలట్లకు మద్యం పరీక్ష సంగతి చాలామందికి తెలిసిందే. ఎగరడానికి ముందు 12 గంటల పాటు చుక్క ముట్టుకోకూడదు. విధుల్లోకి వచ్చేముందు గొట్టంలోకి ఊదాలి. దొరికిపోతే మొదటిసారి మూడు నెలలు ఇంట్లో కూర్చోవాలి. రెండోసారికి మూడేళ్లు. మూడోసారి లైసెన్సే పోతుంది. పెళ్లిలో ఇచ్చిన తీర్థమో, దగ్గుమందో కొంపముంచుతుందేమోనని పైలట్లు భయపడేది ఇందుకే!

ఇలాంటి నియమాలు కంటికి కనిపిస్తాయి. కనిపించనిది వేరే ఉంది. విమానాల భద్రత అంతా నిజానికి దాని చుట్టూనే తిరుగుతుంది.

తెరమీద రెండు చుక్కలు

దాని కోసం ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 1996 నవంబరు 12. సాయంత్రం ఆరున్నర దాటింది. దిల్లీ నుంచి సౌదీ విమానం ఒకటి పైకి లేచింది. అందులో 312 మంది. చాలామంది పొట్ట చేతపట్టుకుని గల్ఫ్‌కి వెళ్తున్నవాళ్లు. అదే దారిలో ఎదురుగా కజకిస్థాన్ విమానం 37 మందితో దిల్లీలో దిగడానికి వస్తోంది. ఎదురెదురుగా ఎందుకొచ్చాయంటే, దారి ఒకటే కాబట్టి. దిల్లీ చుట్టూ ఆకాశంలో చాలాభాగం వాయుసేన చేతిలో ఉండేది. పౌర విమానాలు వెళ్లడానికీ రావడానికీ ఒకే సందు. కింద ఒకటి, పైన ఒకటి నడవాలి.

సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల దగ్గర ఉండమన్నారు. కజక్ విమానాన్ని 15 వేల దగ్గర ఆగమన్నారు. మధ్యలో వెయ్యి అడుగుల ఖాళీ. ఎదురుగా విమానం వస్తోంది చూసుకోమని కంట్రోలర్ హెచ్చరించాడు కూడా. కానీ కజక్ విమానం 15 వేల దగ్గర ఆగలేదు. దిగుతూనే ఉంది.

మరి కంట్రోలర్ చూడలేదా? చూడలేడు. అతని ముందున్నది పాతకాలం రాడార్. తెరమీద రెండు చుక్కలు దగ్గరవుతున్నట్టు కనిపిస్తాయి. ఏ చుక్క ఎంత ఎత్తులో ఉందో తెలీదు. విమానంవాళ్లు నోటితో చెప్పిందే లెక్క. ఎత్తు కూడా చూపించే కొత్త రాడార్ అప్పటికింకా పనిలోకి రాలేదు. కజక్ విమానంలోనూ ఓ చిక్కుంది. కంట్రోలర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్. విమానం నడిపేది మరొకరు. ఎత్తు చూపించే మీటరు ఆ ఆపరేటర్ ముందు లేదు. పైలట్ భుజం మీదుగా తొంగి చూడాలి. వాళ్లు మామూలుగా లెక్కపెట్టేది మీటర్లలో, ఇక్కడ చెప్పేది అడుగుల్లో, అదీ ఇంగ్లిషులో.

హరియాణాలోని చర్ఖీదాద్రీ పొలాల పైన రెండూ ఢీకొన్నాయి. దిల్లీ వస్తున్న అమెరికా వాయుసేన విమానం పైలట్ మబ్బుల్లో నిప్పు వెలుగు చూసి చెప్పేదాకా కింద ఎవరికీ ఏం జరిగిందో తెలీదు. తెరమీద చుక్కలు రెండూ మాయమయ్యాయంతే. 349 మంది. గాల్లో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ప్రపంచంలో ఇప్పటికీ ఇదే పెద్దది.

జస్టిస్ ఆర్.సి.లహోటీ విచారణ జరిపారు. తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన లహోటీయే. చెప్పిన ఎత్తుకన్నా కిందికి దిగిన కజక్ విమానానిదే తప్పని తేలింది. కథ అక్కడితో ఆగి ఉంటే దోషి దొరికాడు, కేసు మూసేశాం అనుకునేవాళ్లం. ఆ పని జరగలేదు. రాకపోకలకు వేర్వేరు దార్లు వేశారు. ఎత్తు చూపించే రాడార్ వచ్చింది. మన ఆకాశంలోకి వచ్చే ప్రయాణికుల విమానాలన్నిట్లో 'టీకాస్' అనే పరికరం ఉండాల్సిందేనని డీజీసీఏ నియమం తెచ్చింది. రెండు విమానాల్లోని టీకాస్‌లు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మరీ దగ్గరైతే ఒకదాన్ని 'పైకి వెళ్లు' అంటుంది, రెండోదాన్ని 'కిందికి దిగు' అంటుంది. కింద ఉన్న కంట్రోలర్ మరోలా చెప్పినా పైలట్ టీకాస్ మాటే వినాలి.

అంటే, ఎవరో ఒకరు పొరపాటు చేస్తారని ముందే ఒప్పేసుకున్నారన్నమాట. చేసినా ప్రాణాలు పోకుండా ఏర్పాటు చేశారు. ఆ కంటికి కనిపించనిది ఇదే.

చిల్లులట్లు

బ్రిటన్‌కి చెందిన జేమ్స్ రీజన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని చిల్లులున్న చీజ్ ముక్కలతో పోల్చాడు. మన జున్నుకి చిల్లులుండవు కాబట్టి అట్లు అనుకుందాం. ఒక అట్టు మీద మరో అట్టు పేర్చారు. ప్రతిదానికీ చిల్లులుంటాయి. ఒకదాని చిల్లు కింద రెండోదాని పిండి ఉంటుంది కాబట్టి చట్నీ కిందికి కారదు. ఎప్పుడో ఒకసారి అన్ని చిల్లులూ ఒకే గీతమీదికి వస్తాయి. అప్పుడే ప్రమాదం. పైలట్ ఒక అట్టు. కంట్రోలర్ ఒకటి. రాడార్, నియమం, శిక్షణ, సంస్థ యాజమాన్యం... ఒక్కోటీ ఒక్కో అట్టు. డీజీసీఏ కూడా వాటిల్లో ఒకటే, దానికీ చిల్లులుంటాయి.

అందుకే ఇప్పుడు ప్రపంచమంతా 'రిస్కు మేనేజ్‌మెంటు' అంటోంది. పేరు పెద్దదే కానీ ప్రతి ఇంట్లోనూ జరిగే పనే. పొయ్యిమీద నూనె మూకుడు పెట్టిన తల్లి ఏం చేస్తుంది? పిల్లాడు అందుకోకుండా కాడను గోడవైపు తిప్పుతుంది. వాడింకా కాల్చుకోలేదు, కాల్చుకుంటాడనీ చెప్పలేం. అయినా తిప్పుతుంది. విమానాల సంస్థల్లో ఇదే పనిని కాగితంమీద చేస్తారు. జరగడానికి ఎంత అవకాశముందో ఒకవైపు, జరిగితే ఎంత నష్టమో మరోవైపు... ఐదు గళ్లు అడ్డం, ఐదు గళ్లు నిలువు. ఎరుపు గడిలో పడితే ఆ పని ఆపేయాలి. పసుపైతే జాగ్రత్తలు పెంచాలి. ఆకుపచ్చైతే కానివ్వొచ్చు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఈ పద్ధతికి 2013లో ప్రత్యేకంగా ఓ అనుబంధాన్నే అమల్లోకి తెచ్చింది. ప్రతి సంస్థా ఈ లెక్క వేస్తుంది. వేసిందా, నిజంగా వేసిందా లేక పాత కాగితం మీద తేదీ మార్చిందా... అది చూడటం ప్రభుత్వం పని.

పక్షుల సంగతే తీసుకోండి. విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్లలో పశువుల్ని కోయకూడదు, చెత్త పోయకూడదు అని ఎప్పటినుంచో నిబంధన ఉంది. మాంసం ముక్క ఉన్నచోట గద్ద తిరుగుతుంది. ఆ గద్ద ఇంజిన్లో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మాంసం కొట్టు మునిసిపాలిటీది, గద్ద ఎవరిదీ కాదు, ఇంజిన్ విమాన సంస్థది. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టకపోతే ఆ చిల్లు అలాగే ఉంటుంది.

నిద్ర... భయం... మర్యాద

మళ్లీ మంగళూరుకి. ఎయిర్ మార్షల్ బి.ఎన్.గోఖలే నాయకత్వంలో జరిగిన విచారణ నివేదిక చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కాక్‌పిట్‌లో మాటలు రికార్డయ్యే పరికరం రెండు గంటలపైన రికార్డు చేసింది. అందులో మొదటి గంటా నలభై నిమిషాలు దాదాపు మాటల్లేవు. వినిపించింది కెప్టెన్ గురక. తెల్లవారుజామున గాఢనిద్ర నుంచి లేచినవాడికి కాసేపు బుర్ర సరిగా పనిచేయదు. ఆ మత్తులోనే దించబోయాడు.

అంతే అయితే తప్పంతా కెప్టెన్‌దే. నివేదిక అక్కడ ఆగలేదు. మంగళూరు రాడార్ ఆరోజు పనిచేయడం లేదు. దాంతో విమానం మామూలుకన్నా ఆలస్యంగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎత్తులో ఉండిపోవడానికి అదీ ఓ కారణం. కో-పైలట్ మూడుసార్లు హెచ్చరించాడు కదా, తనే లివర్ లాగి పైకి లేపొచ్చు కదా? ఎప్పుడు, ఎలా లేపొచ్చో చెప్పే సూచనల్లో స్పష్టత లేదు. ఒకచోట ఒకలా, మరోచోట మరోలా రాసి ఉన్నాయి. మనదగ్గర పెద్దాయన కారు నడుపుతుంటే పక్కన కూర్చున్న కుర్రాడు 'సార్, కొంచెం నెమ్మదిగా...' అంటాడే తప్ప స్టీరింగ్ పట్టుకుంటాడా? ఇదీ అంతే.

ఇంకో విచిత్రముంది. విమానం నేలను కాస్త గట్టిగా తాకితే అందులోని పరికరం పట్టేస్తుంది. ఎంత వేగంగా వచ్చాడు, ఎంత గట్టిగా దించాడు... ప్రతి అడుగూ రికార్డే. నిజానికి ఇది భద్రతకు గొప్ప సాయం. కానీ గట్టిగా దించిన పైలట్లను పిలిచి సంజాయిషీ అడగడం మొదలెడితే? మెత్తగా దించాలన్న తపనతో విమానాన్ని రన్‌వే మీద తేల్చుకుంటూ, తేల్చుకుంటూ ముందుకు తీసుకెళ్తారు. మెత్తగానే దిగుతుంది... కాకపోతే రన్‌వే మిగలదు! నివేదిక ఈ సంగతినీ ప్రస్తావించింది. కొలిచేదాన్నిబట్టే మనుషులు నడుచుకుంటారు. మార్కుల కోసం చదివే పిల్లల్ని చూస్తూనే ఉన్నాంగా.

ఆ తర్వాత పైలట్లు ఎన్నిసార్లు గో అరౌండ్ చేసినా ఎందుకని అడగకూడదన్న మాట గట్టిగా వినిపించింది. చమురు ఖర్చయినా సరే, ఆలస్యమైనా సరే. పౌర విమానయాన భద్రతకు ఓ సలహా సంఘం వేశారు. అందులోని ఓ మాజీ కెప్టెన్ 2011లోనే, వాన పడుతూ వెనకగాలి ఉన్నప్పుడు కోజికోడ్ రన్‌వే క్షేమం కాదని రాశారు. 2020లో జరిగింది సరిగ్గా అదే.

కోజికోడ్ నివేదికలో మరో సంగతి బయటపడింది. ఆ కెప్టెన్ మర్నాడు ఉదయం కోజికోడ్ నుంచే ఇంకో విమానం నడపాలి. అక్కడ సరిపడా కెప్టెన్లు లేరు. వేరే ఊళ్లో దించితే మర్నాటి విమానం ఆగిపోతుంది. ఎలాగైనా ఇక్కడే దించాలన్న తొందరకు అదో కారణమంది నివేదిక. ఆయన ఎదురుగా ఉన్న అద్దం వైపర్ కూడా సరిగా తిరగలేదు. డ్యూటీ పట్టిక రాసిన గుమాస్తా, వైపర్ చూసిన మెకానిక్... వీళ్లెవరూ ఆ రాత్రి కాక్‌పిట్‌లో లేరు. అట్లలో మాత్రం ఉన్నారు.

ముఖ్యమంత్రి హెలికాప్టర్‌లోనూ...

2009 సెప్టెంబరు 2ని తెలుగువాళ్లెవరూ మర్చిపోలేరు. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో మాయమైంది. పావురాలగుట్ట మీద దొరికేసరికి మర్నాడైంది. ఐదుగురిలో ఎవరూ మిగల్లేదు. దారిలో దట్టమైన ఉరుముల మబ్బులున్నాయి. గేర్‌బాక్సు చమురు ఒత్తిడిలో తేడా చూపిస్తూ హెచ్చరిక వచ్చింది. దానికేం చేయాలో పుస్తకంలో వెతకడంలోనే దాదాపు ఆరు నిమిషాలు పోయాయని విచారణ సంఘం తేల్చింది. ఆ ఆరు నిమిషాలూ బయటి వాతావరణం మీద చూపు లేదు. అంతకు ఏడేళ్ల ముందు, 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. ఆయన దిగింది చేపల చెరువులో.

పెద్దలు ఎక్కే వాహనానికి తనిఖీ ఎక్కువ ఉంటుందనుకుంటాం. కార్యక్రమానికి ఆలస్యం కాకూడదన్న ఒత్తిడి మాత్రం ఎక్కువే ఉంటుంది. నేతల ఎన్నికల పర్యటనల్లో పైలట్ 'ఈరోజు వద్దు సార్' అనగలిగితే అది చిన్న సంగతేం కాదు.

కాపలాదారుకే మార్కులు తగ్గాయి

2014 జనవరి 31న దిల్లీకి పిడుగులాంటి కబురొచ్చింది. విమానాల భద్రతను పర్యవేక్షించడంలో భారత్ స్థాయిని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఒకటో తరగతి నుంచి రెండో తరగతికి దించింది. తప్పు విమానాలది కాదు, వాటిని చూడాల్సిన డీజీసీఏది. తనిఖీ చేయగల పూర్తికాలపు నిపుణులు చాలినంత మంది లేరన్నది ముఖ్యమైన ఫిర్యాదు. పైలట్‌ని పరీక్షించేవాడు పైలటే అయి ఉండాలి. విమాన సంస్థలో కెప్టెన్‌కి వచ్చే జీతం ప్రభుత్వ కొలువులో ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకని సంస్థల పైలట్లనే కొన్నాళ్లకు అరువు తెచ్చుకుని తనిఖీలు చేయించేవాళ్లు. ఇవాళ తనిఖీకి వచ్చినవాడు రేపు మళ్లీ అదే సంస్థలో సీట్లో కూర్చుంటాడు!

దాంతో ఎయిరిండియా, జెట్ ఎయిర్‌వేస్ అమెరికాకు కొత్త సర్వీసులు వేసుకునే వీల్లేకుండా పోయింది. పరువూ పోయింది. ఆదరాబాదరాగా నియామకాలు జరిగాయి. ఆ ఏడాది మేలో పౌర విమానయాన మంత్రి అయిన విజయనగరం అశోక్ గజపతిరాజు హయాంలో, 2015 ఏప్రిల్‌లో మళ్లీ ఒకటో తరగతి దక్కింది. ప్రమాదాల దర్యాప్తును డీజీసీఏ చేతిలోంచి తీసి ఏఏఐబీ అనే వేరే విభాగానికి అప్పగించడం అప్పటికే, 2012లో జరిగింది. కాపలాదారు తప్పుంటే కాపలాదారే చెప్పడు కదా. ఐకావో 2022లో చేసిన తనిఖీలో మనకు 85 శాతం పైగా మార్కులొచ్చాయి. అంతకు ముందువి 70 శాతం లోపే. 1934 నాటి పాత చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి ఒకటి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సమయంలో శాఖ బాధ్యత శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్‌నాయుడిది.

చట్టం కొత్తదే. కుర్చీల సంగతి? 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం డీజీసీఏలో మంజూరైన పోస్టులు 1,063. నిండినవి 553. విమానాల సంఖ్య ఏటా పెరుగుతుంటే చూసే కళ్లు సగమే!

ఆ నివేదిక వచ్చిన సమయం మామూలుది కాదు. అంతకు రెండు నెలల ముందే, జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ వెళ్లే ఎయిరిండియా విమానం లేచిన కొద్ది క్షణాలకే వైద్య విద్యార్థుల హాస్టల్ మీద కూలింది. మొత్తం 260 మంది చనిపోయారు. విమానంలోని 242 మందిలో బతికింది ఒకే ఒక్కడు. రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు క్షణం తేడాతో ఆఫ్ స్థానానికి మారాయని ఏఏఐబీ ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకు మారాయో ఆ నివేదిక చెప్పలేదు. అందులో ఓ చిన్న పేరా ఉంది. స్విచ్ తనంతట జారకుండా ఉండే ఏర్పాటును కొన్ని విమానాల్లో ఓసారి చూసుకోండని ఎఫ్ఏఏ 2018లో సలహా ఇచ్చింది. అది సలహానే, ఆదేశం కాదు. కాబట్టి ఎయిరిండియా ఆ తనిఖీ చేయలేదు. ప్రాథమిక నివేదిక వచ్చాక డీజీసీఏ అందరూ తనిఖీ చేయాల్సిందే అంది. చేశారు. తమ విమానాల్లో లోపమేమీ కనబడలేదని ఎయిరిండియా చెప్పింది. అప్పుడూ కనబడేది కాదేమో. కానీ ఒక కాగితం సలహా అవ్వాలా, ఆదేశం అవ్వాలా అన్నది ఎక్కడో ఓ బల్లదగ్గర కూర్చున్న మనిషి తేల్చే విషయమని మనలాంటివాళ్లకు అప్పుడే తెలిసింది.

పైలట్‌ నిద్ర ఖరీదెంత?

మంగళూరు గురక గుర్తుంది కదా. పైలట్ల అలసట మీద కొత్త నియమాలను డీజీసీఏ 2024 జనవరిలో ప్రకటించింది. వారానికి 36 గంటలుండే విశ్రాంతి 48 గంటలు కావాలి. రాత్రి వేళ చేసే ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గాలి. రాత్రి అంటే అయిదింటిదాకా కాదు, ఆరింటిదాకా. సంస్థలు ఒప్పుకోలేదు. పైలట్లు చాలరన్నాయి. అమలు వాయిదా పడింది. వ్యవహారం దిల్లీ హైకోర్టుకి వెళ్లింది. చివరికి కొన్ని నియమాలు 2025 జులై నుంచి, మిగిలినవి నవంబరు నుంచి అన్నారు.

డిసెంబరు మొదటివారంలో ఏం జరిగిందో అందరూ చూశారు. దేశంలో అతిపెద్ద సంస్థ ఇండిగోకి పైలట్లు సరిపోలేదు. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీద పడుకున్నారు. కొచ్చి వెళ్లాల్సిన అయ్యప్ప భక్తులు నిరసనకు దిగారు. పెళ్లిళ్లు తప్పాయి, పరీక్షలు తప్పాయి. ప్రయాణికులు తిట్టింది ఇండిగోనే. ప్రభుత్వం చేసింది మాత్రం, రాత్రి ల్యాండింగుల నియమం నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇవ్వడం!

విమానం తిరగాలి, నిజమే. జనం రోడ్డున పడ్డప్పుడు ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోలేదు. కానీ ఈ లెక్క అంతకు ముందే వేయాల్సింది కదా. నియమం వస్తోందని రెండేళ్ల నుంచి తెలుసు. ఎవరి దగ్గర ఎంతమంది పైలట్లున్నారో, శీతకాలం పట్టికలో ఎన్ని విమానాలు పెట్టారో... రెండు కాగితాలూ ఉండేది డీజీసీఏ దగ్గరే. కూడికలు, తీసివేతలు వచ్చిన ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోయే సంగతి. అలసట నియమం ప్రమాదాన్ని ఆపడానికి వచ్చింది. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టడం వల్ల ఏ ప్రమాదమూ జరగకపోతే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. భద్రతలో ఉన్న తంటా ఇదే. సరిగా చేసినప్పుడు ఏమీ జరగదు. చేయకపోయినా చాలా రోజులు ఏమీ జరగదు.

మంగళూరులో తణ్ణీర్‌బావి వెళ్లే దారిలో నది ఒడ్డున ఓ స్మారకం ఉంది. ఆనాటి ప్రమాదంలో గుర్తుపట్టలేకపోయిన 12 మంది మృతదేహాలను అక్కడే ఖననం చేశారు. ఏటా మే 22న జిల్లా అధికారులు వచ్చి పూలు ఉంచుతారు.